బదులు – బదిలీ : అర్థవిచారము

ఒకదాని స్థానమున మఱొకటి నిలుచుటను తెలుపు తెలుగు పదములలో ‘బదులు’ మిక్కిలి వ్యాప్తి గలది. దీనికి మూడర్థములు ప్రసిద్ధములు. ‘బెల్లమునకు బదులు చక్కెర’ యన్నచో ప్రత్యామ్నాయము. ‘బదులు పలుకలేదు’ అన్నచో ప్రత్యుత్తరము. ‘చేబదులు’ అన్నచో పత్రము లేకుండ స్వల్పకాలమునకు గొను అప్పు. ఈ యర్థములకు వరుస సంఖ్యలు వేసినంతమాత్రమున విచారము ముగియదు. వానిని గూర్చు సూత్రమేది యనునదే ప్రశ్న.

పదమునకు మూలము అరబ్బీ ‘బదల్’. మార్పు, వినిమయము దాని మూలార్థములు. పారసీకము, ఉర్దూల మీదుగా నది దక్షిణదేశ భాషలకు వచ్చినది. అరబ్బీ వ్యాకరణమున నది పారిభాషికము గూడ: ముందున్న నామము చెంతనే నిలిచి, దానిని స్పష్టపఱచుచు, దాని స్థానము నందుకొనదగిన నామమునకు బేరు. మన వ్యాకరణములలోని ‘ఆదేశము’ దీనికి భిన్నము. ఆదేశము వచ్చినచో స్థాని తొలగిపోవును. బదల్ వచ్చినను మొదటి నామము నిలిచియే యుండును.

తెలుగు ‘బదులు’నందును ఈ లక్షణమే కానవచ్చుచున్నది. ‘కు’ వర్ణకముతో గూడి వచ్చునప్పుడు అది తొలగిన వస్తువును పేర్కొనక తీఱదు. ప్రశ్న లేనిదే బదులు లేదు. చేబదులు తీసికొన్నవానిపై ఇచ్చినవాని హక్కు చెడదు. కావున మూడర్థములందును మొదటిదాని హక్కు నిలిచియుండుటయే సామాన్యధర్మము. పైగా ‘మారుపలుకు’ మొదలగు ప్రయోగములలో దేశ్యమైన ‘మారు’ శబ్దము ప్రత్యుత్తరార్థమునకు ముందే దారి తీసియున్నది. పరభాషాపదము ఆ దారిని నడచినది.

ఈ విచారమునకు అమరాపురము తగిన క్షేత్రము. 2022 వఱకు అనంతపురము జిల్లాలోను, అటుపిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న యీ మండలము కర్ణాటక సరిహద్దు నంటియున్నది. తెలుగు, కన్నడము లిచట ఇరుగుపొరుగులు. కన్నడమున ‘బదలు’, ‘బదలావణె’ లు ప్రత్యామ్నాయమును, మార్పును దెలుపును. ప్రత్యుత్తరమునకు ‘ఉత్తర’, చేబదులునకు ‘కైగడ’ అనుటయే అచట సామాన్యము. తమిళ ‘పదిల్’ మాత్రము తెలుగువలె ప్రత్యుత్తరమునకు జెల్లినది. పదమొక్కటియే యైనను, ప్రతి భాషయు తనకు గావలసినంతయే గ్రహించినది.

ఈ భేదము నెఱుగకున్న నష్టము కలదు. కచేరీ తెలుగున ‘బదిలీ’ యనగా ఉద్యోగిని ఒకచోటినుండి మఱొకచోటికి బంపుట. కాని మిల్లులలో ‘బదలీ’ కార్మికుడనగా, హాజరుపట్టీలో పేరున్న వేఱొకనికి మారుగా బనిచేయువాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమున 1953లో జేర్చిన ప్రకరణము అతనిని అట్లే నిర్వచించి, ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసినచో ఆ ప్రకరణము విషయమున నతడు బదలీగా బరిగణింపబడడని చెప్పెను. అనువాదకుడు ‘బదిలీ యైన కార్మికుడు’ అని వ్రాసినచో నిర్వచనమే తాఱుమాఱగును. ఆ కార్మికుని హక్కు మఱుగుపడును.

కావున నిఘంటువునందు ‘బదులు’, ‘బదిలీ’ లను ఒకే మూలము క్రింద జూపుట యుక్తము. అయినను వాని యర్థములను మాత్రము వేర్వేఱుగ, ప్రయోగస్థానములతో నిరూపింపవలయును. వ్యుత్పత్తి పదము వచ్చిన త్రోవను జూపును. అర్థమును నిర్ణయించునది ప్రయోగమే.