మోకాలు నేలకు ఆనకపోతేనేం

2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేశారు. అంతకుముందు నెల రోజులు ‘యోగాంధ్ర’ పేరుతో రాష్ట్రమంతా సాధన నడిచింది. 45 నిమిషాల ఉమ్మడి క్రమం, అందరికీ ఒకే ఆసనం, ఒకే లెక్క. తప్పని అననుగానీ, అంత జనంలో నా మోకాలు చెప్పేది వినే తీరిక ఎవరికుంటుంది?

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో మా ఇంట్లో నేను చేసుకునేది యిన్ యోగా. 1970ల చివర్లో అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధకళల గురువు చైనా తావో పద్ధతుల్ని హఠయోగంతో కలిపి నేర్పాడు. తర్వాత పాల్ గ్రిల్లీ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఊళ్లు తిరిగి తిరిగి మళ్లీ మన దగ్గరికి ఫోనులో వచ్చింది. నేల మీద కూర్చునో పడుకునో ఒక భంగిమలోకి వెళ్లి, కండరాల్ని వదిలేసి, మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. కండరం గబుక్కున సాగుతుంది. దాన్ని చుట్టుకున్న పొరలు మాత్రం తక్కువ లాగుడు ఎక్కువసేపు ఉంటేనే లొంగుతాయని దీన్ని నేర్పేవాళ్లు చెప్తారు.

“ఏందమ్మా, ఊరికే పడుకోనుండేది గూడా యోగానేనా?” అంది పక్కింటి పెద్దమ్మ. హఠయోగ ప్రదీపికలోనే శవాసనం ఉంది, పడుకోవడానికీ శాస్త్రముంది అన్నాను. “ఉంటే ఉండనీలే, వంటయిందా?” అంది.

నాకు బాగా పనికొచ్చింది సీతాకోకచిలుక భంగిమ. అరికాళ్లు రెండూ కలిపి, ఒంటికి మూరెడు దూరంలో పెట్టి, వెన్ను గుండ్రంగా వదిలేసి తల వేలాడేయాలి. బద్ధకోణాసనంలోలాగా నిటారుగా కూర్చోవక్కర్లేదు. వీడియోలో అమ్మాయి మోకాళ్లు నేలకు ఆనుతాయి. నావి జానెడు పైనే ఆగిపోతాయి. ఎన్నాళ్లు చేసినా ఆ జానెడు తగ్గలేదు. దీనికి గ్రిల్లీ చెప్పే జవాబు నాకు నచ్చింది: తుంటి గిన్నె లోతు, అది తిరిగి ఉన్న దిక్కు, తొడ ఎముక మెడ వంపు మనిషి మనిషికీ వేరు. ఎముకకు ఎముక అడ్డొచ్చిన చోట సాధన చేయగలిగేదేమీ లేదు. తొడ లోపలివైపు లాగుతుంటే ఇంకా కండరం పని ఉన్నట్టు. తుంటి దగ్గర మొండిగా ఒత్తుకుంటే అక్కడితో సరి. అది తెలిశాక మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుంటున్నాను. నన్ను నేను ఒప్పుకోవడం అంటే నా లెక్కలో ఆ దిండ్లే. అంతకంటే పెద్ద మాటలు దీనికి తగిలించడం నాకిష్టం లేదు.

అయితే ఈ భంగిమలు చాలావరకు కుర్చీల్లో కూర్చునే వాళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్పేవి. మన పడమటి మండలాల ఒళ్లు వేరు. డీసీపల్లి చుట్టుపక్కల పొగాకు పనికి పోయే ఆడవాళ్లు రోజులో సగం గొంతుకూర్చునే ఉంటారు. అలాగే కూర్చుని చేసే మాలాసనం వాళ్లకు విశ్రాంతి కాదు, ఓవర్‌టైమ్. గోడకు కాళ్లెత్తి పడుకుంటే చాలు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసేవాళ్లు ఆకురాయి పట్టుకుని గంటల తరబడి ముందుకు వంగి ఉంటారు. వెన్ను వంచే నా సీతాకోకచిలుక వాళ్లకెందుకు? బొంతని చుట్టచుట్టి భుజాల కింద అడ్డంగా వేసుకుని వెల్లకిలా పడుకుంటే ఛాతీ విచ్చుకుంటుంది. ఉదయగిరి దుర్గం ఎక్కొచ్చిన మర్నాడు నేనూ గోడ పక్కకే చేరతాను. ఆ కోట 1514లో చిక్కేదాకా కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదిన్నర కాచుకున్నాడు. మనం పొద్దునెక్కి మధ్యాహ్నానికి దిగాలంటే పిక్కలు ఊరుకోవు.

పోటు, మంట, తిమ్మిరి వస్తే అలారం కోసం చూడకుండా బయటికి వచ్చేయాలి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు ఆ హెచ్చరిక సరిగా అందదు. వాళ్లూ, మోకాలు మార్పించుకున్నవాళ్లూ ముందు డాక్టర్ని అడగాలి.

పెద్దమ్మ మొన్న మా గోడకే కాళ్లు పెట్టి పడుకుంది. ఐదు నిమిషాలకి అలారం పెట్టాను. సగం కూడా కాకముందే, “ఇంకెంతసేపమ్మా, పొయ్యి మీద పాలుండాయి” అంది. కట్టేసి రమ్మన్నాను. వచ్చింది, ఈసారి తన దిండు తనే తెచ్చుకుంది.