జూనియరు వకీలు – గురుకుల ధర్మము

మన సాహిత్యమున వకీలునకు చోటు కొదువలేదు. వీరేశలింగము పంతులుగారు 1880లో వెలువరించిన ‘వ్యవహార ధర్మబోధిని’ ప్లీడర్ల అక్రమములను వెక్కిరించినది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న సౌజన్యారావు పంతులు ధర్మపక్షమున నిలిచిన వకీలు. ఒకచోట దుష్టుడు, మఱొకచోట శిష్టుడు. ఇద్దఱును వృత్తిలో కుదురుకొన్నవారే. నిన్న సన్నదు పొంది, నేడు నల్లకోటు తొడిగి, సీనియరుగారి కాగితముల కట్ట మోయుచు కోర్టు మెట్లెక్కు యువకుడు ఏమి తినుచున్నాడని అడిగిన గ్రంథములు మన కరుదు. సాహిత్యము అడుగని ప్రశ్నను సంఘమును అడుగలేదు.

ఈ విషయమున టంగుటూరి ప్రకాశముగారి ‘నా జీవిత యాత్ర’ చదువదగినది. ఒంగోలులో తల్లి సుబ్బమ్మగారు పూటకూటి యిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. బడిలో పాఠము చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు వకీలు వృత్తికై రాజమహేంద్రవరము తరలినప్పుడు ఈ పేదపిల్లవానిని వెంటగొనిపోయి చదివించిరి. ఆ పిల్లవాడే ప్లీడరై, బారిస్టరై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. గురువు ముందుగా శిష్యుని ఆకలి తీర్చెను. తక్కినవన్నియు తరువాత వచ్చినవి.

నేటి న్యాయస్థానములలో గురుశిష్య శబ్దములు విరివిగా వినబడుచునే యున్నవి. ‘ఇది ఉద్యోగము కాదు, గురుకులము, విద్య నేర్పుచున్నాము గదా, జీతమేల?’ యని కొందఱు సీనియర్ల వాదము. వినుటకు ఇంపైనదే. కాని గురుకులమున శిష్యుడు సమిధలు తెచ్చినను, పశువుల గాచినను, గురుపత్ని వడ్డించిన అన్నము తినెను. దక్షిణ విద్యాంతమున నిచ్చునది గాని, మొదటినాటి నుండి ఆకలి రూపమున చెల్లించునది కాదు. ఉపమన్యుని కథను ఎదురు చూపవచ్చును. ధౌమ్యుడు అతని భిక్షాన్నమును తాను గైకొనెను, పాలును నిషేధించెను, శిష్యుడు జిల్లేడాకులు తిని, కనులు పోగొట్టుకొని, నూతిలో పడెను. అయితే సాయంకాలము శిష్యుడు రాలేదని గమనించి, అడవిలో పేరుపెట్టి పిలుచుచు వెదకినవాడు ఆ గురువే. చూపు మరల వచ్చు ఉపాయము చెప్పినవాడును అతడే. మన జూనియర్లకు జిల్లేడాకులు దొరకినవి. వెదకివచ్చు ధౌమ్యులే అరుదు.

నిజాంపేటనే తీసికొనుడు. హైటెక్ సిటీ కంపెనీలలో పనిచేయు యువకులతో ఈ ప్రాంతపు అద్దెయిండ్లు నిండినవి. అద్దెలును వారి జీతములను బట్టియే పెరిగినవి. ఇంజనీరు మొదటి నెలనుండియే జీతము తెచ్చుకొనును. అతని ప్రక్కగదిలోని జూనియరు వకీలు అదే అద్దె కట్టి, జేఎన్‌టీయూ స్టేషనులో మెట్రో రైలెక్కి, మూసీ యొడ్డున నున్న హైకోర్టునకు పోవును. వాయిదా కోరుట, నకళ్ళు తెచ్చుట, రిజిస్ట్రీలో లోపములు సరిదిద్దుట, రాత్రి పొద్దుపోవువఱకు వాదపత్రములు వ్రాయుట అతని పనులు. పెక్కుచోట్ల సీనియరుగారి గుమాస్తాకు నెలజీతము కలదు. పట్టభద్రుడైన జూనియరునకు దారిఖర్చు దొరకుట భాగ్యము.

ఉపశమనములు లేకపోలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘లా నేస్తము’ అను పథకమున జూనియర్లకు మొదటి మూడేండ్లు నెలకు 5,000 రూపాయలిచ్చుటకు పూనుకొనెను. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, చట్టము చెప్పిన 750 రూపాయలకు మించి నమోదు రుసుము వసూలు చేయరాదని, షెడ్యూల్డు కులములకు, తెగలకు అది 125 రూపాయలేయని తీర్పు చెప్పెను. అదే యేడు అక్టోబరులో భారత బార్ కౌన్సిలు, జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామ ప్రాంతములలో 15,000 రూపాయలకు తగ్గని భృతి నీయవలెనని సూచించెను. ద్వారము తెఱవబడినది, లోపల పీట వేయబడలేదు. సూచన శాసనము కాదు గదా!

2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియరు సివిల్ జడ్జి పదవిని కోరువారు మూడేండ్లు వృత్తి చేసియుండవలెనని చెప్పెను. అనుభవము వలదనువాడెవడు? ఆ మూడేండ్లు ఎవరి అన్నము తినవలెననునదే ప్రశ్న. తండ్రి వకీలైనవాడు నిలుచును. రైతుకూలి బిడ్డయు, ‘ఇంకెన్నాళ్ళు?’ అని యింట ప్రశ్నింపబడు ఆడపిల్లయు నడుమనే మరలిపోవుదురు. ఆకలికి ఓర్చుకొనగల యింటివారే రేపు న్యాయపీఠమెక్కుదురు. నష్టము జూనియరునకు మాత్రమే కాదు. న్యాయము కోరి వచ్చు మనకును.

ఈ మాట చెప్పుటకు వారికి సభయు లేదు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టము, రాష్ట్ర బార్ కౌన్సిలునకు ఎన్నికగు సభ్యులలో సుమారు సగముమంది పదేండ్లైనను న్యాయవాదులుగా పట్టికలో నుండినవారై యుండవలెనని విధించినది. పదివేలకు మించి న్యాయవాదులున్నచోట సభ్యుల సంఖ్య 25. అనుభవమునకు సగము పాలిచ్చిన చట్టము, క్రొత్తవారికి ఒక్క పీఠమునైనను ప్రత్యేకింపలేదు. ఓటు వారిది, గొంతు పెద్దలది.

సీనియర్లందఱును ధనవంతులు కారనుట సత్యమే. తాలూకా కోర్టులలో తామే కక్షిదారునికై ఎదురుచూచు పెద్దలెందఱో కలరు. వారినొక్కరినే నిర్బంధించుట అన్యాయము. అందుకొఱకే ఉమ్మడి నిధి కావలెను. వకాల్తాకు అతికించు సంక్షేమపు బిళ్ళ వలన చేరు సొమ్ము ప్రధానముగా వృత్తి విడుచునప్పుడో, మరణించినప్పుడో అక్కఱకు వచ్చుచున్నది. కడపటి యాత్రకు దాచిన మూట నుండి మొదటి అడుగునకును కొంత విప్పుట ధర్మము. సంపన్నుడైన సీనియరు తానే యీయవలెను. లేనివాని జూనియరునకు నిధి యీయవలెను. ఆ నిధిని పాలించు సభలో క్రొత్తవారికి రెండు పీఠములైనను ఉండవలెను.

చదువరులు తమవంతు చేయదగినదియు నొకటి కలదు. వకాల్తాపై సంతకము చేయునప్పుడు ఫీజెంతయని అడుగుదుము. ఆ కాగితములు వ్రాసిన పిల్లవానికి అందులో నెంత ముట్టునని కూడ ఇకపై అడుగుదము.