రహీం సాబ్ జట్టును ఏ తక్కెడలో తూచాలి

సోగత్తూరులో మా ఇంటి మాట తెలుగు, వీధి మాట తమిళం. ధర్మపురి జిల్లాలో మాలాంటి కుటుంబాలు చాలానే ఉన్నాయి. సాయంత్రం పిల్లలు బంతాడే చోట మాత్రం రెండూ కలిసిపోతాయి. ఎవరి జట్టు గొప్పదన్న వాదన లేచిందంటే ఏ మాట ఏ భాషదో ఎవరికీ పట్టదు.

ఒకనాడు మా అక్క కొడుకు ఫోన్‌లో పాత బార్సిలోనా ఆట చూస్తూ అడిగాడు. "మామా, నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ పోలీసోళ్ళ టీము వీళ్ళ ముందర పది నిమిషాలన్నా నిలుస్తుందా?"

"నిలవదురా" అన్నాను. వాడు గెలిచినట్టు నవ్వాడు. కానీ ఆ ప్రశ్నను అక్కడ వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

1950 నాటి ఆటగాణ్ణి ఎత్తుకొచ్చి నేటి పచ్చిక మీద దించితే ఊపిరి అందక నిలబడిపోతాడు, నిజమే. మరి నేటివాణ్ణి అప్పటికి పంపితే? తోలు బంతి, దానికి తాళ్ళ కుట్టు. వాన కురిస్తే నీళ్ళు తాగి బరువెక్కుతుంది, తలతో కొడితే ఆ కుట్టు నుదుటికి తగులుతుంది. కాలికి దెబ్బ తగిలి దిగిపోతే బదులు ఆడేవాడు ఉండడు. ప్రపంచ కప్‌లోనే మారు ఆటగాణ్ణి దించే వీలు 1970లో గానీ రాలేదు. ఊరూరికీ రైలు ప్రయాణం, తిరిగొచ్చాక మళ్ళీ ఉద్యోగం. అక్కడ ఎవరు నిలుస్తారు? కాబట్టి ఎదురెదురుగా నిలబెట్టే పోలిక పిల్లల సరదాకు పనికొస్తుంది గానీ కొలతకు పనికిరాదు. ఒక జట్టును ముందు దాని కాలంలోనే, దాని తోటివాళ్ళ పక్కనే నిలబెట్టి, వాళ్ళకంటే ఎంత ముందు నడిచింది, ఎన్నాళ్ళు నడిచింది అని చూడాలి. ఆ తర్వాత, దాని ఆట ఎవరెవరి కాళ్ళలోకి దిగిందో చూడాలి. నేను వాడే తక్కెడ ఇదే.

అందులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును పెట్టి చూడండి. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు ఆ జట్టే పట్టుకొచ్చింది. 1950లోనే కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. 1954లో మరోసారి, 1957లో ఇంకోసారి డ్యూరాండ్ వాళ్ళదే. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఫైనల్లో మళ్ళీ మోహన్ బగాన్‌నే ఓడించి నాలుగోసారి గెలిచారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని దేశమంతా అనుకుంటున్న రోజులవి.

యూరప్‌లో రియల్ మాడ్రిడ్ 1956 నుంచి 1960 దాకా యూరోపియన్ కప్‌ను ఐదుసార్లు వరుసగా గెలిచింది. అదే ఐదు. ఆ రెండింటినీ నేను ఒక గాటన కట్టను. వాళ్ళు ఒక ఖండంలోని విజేతలతో తలపడ్డారు, వీళ్ళు ఒక దేశంలోని క్లబ్బులతో. కానీ తోటివాళ్ళను ఐదేళ్ళపాటు వెనకే ఉంచడం ఎక్కడైనా ఒకటే కష్టం. ఒకసారి గెలిచిన జట్టును ఓడించడానికి ఏడాదంతా అందరూ కాపుకాస్తారు.

హైదరాబాద్‌కు దీటైన జట్టు లేదనుకోకండి. ఆ రోజుల్లోనే ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు ఫార్వర్డ్‌లు ఆడేవారు. కలకత్తా జనం వాళ్ళను పంచపాండవులన్నారు. అందులో అప్పారావుది మన కాకినాడ. 1952 డ్యూరాండ్ ఫైనల్లో హైదరాబాద్‌ను ఓడించింది ఈస్ట్ బెంగాలే. అంతకుముందు తరంలో మహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 దాకా కలకత్తా లీగ్‌ను ఐదేళ్ళు ఎవరికీ వదల్లేదు. ఇలాంటి జట్ల వరసలోనే హైదరాబాద్‌నూ నిలబెట్టి చూడాలి.

ఈ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, వృత్తికి బడిపంతులు. హైదరాబాద్‌లో అందరికీ రహీం సాబ్. అప్పటి మన ఆటలో మొనగాడంటే బంతిని కాళ్ళ మధ్య దాచుకుని ముగ్గురిని దాటేవాడు. జనం చప్పట్లు కొట్టేది దానికే. రహీం సాబ్ అలా దాటడాన్నే నిషేధించి పోటీలు పెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో రకం పోటీలు నడిపారు.

దీని గురించి ఎంత చదివినా నాకు అంతుపట్టలేదు. అందుకే మా పిల్లలతో ఆడించి చూశాను. కోతయిన చేను, రెండు వైపులా రాళ్ళ గోల్, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. మొదటి పావుగంట గోలే గోల. బంతి వచ్చినవాడికి ఏం చేయాలో తోచక పక్కనున్న వాడి కాళ్ళ మీదికి తోసేశాడు. వాడు ఉలిక్కిపడి తిరిగి ఇచ్చేశాడు. అందరికంటే బాగా ఆడే మా వాడికే అందరికంటే కోపం. "ఇదేం ఆట మామా!" అని రెండుసార్లు పక్కకొచ్చి నిలబడ్డాడు. అరగంట అయ్యేసరికి ఆట మారిపోయింది. బంతి ఉన్నవాడు ఏమీ చేయలేడని తెలిశాక, బంతి లేనివాడు ఊరికే నిలబడటం మానేశాడు. ముందే ఖాళీలోకి పరుగెత్తి, "ఇక్కడ, ఇక్కడ" అని చేయి చూపడం మొదలుపెట్టాడు. పన్నెండు మంది పిల్లలూ తలలెత్తి చూస్తున్నారు. అంతకుముందు అందరి చూపూ నేల మీది బంతి మీదే ఉండేది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన నేర్పింది కాళ్ళకు కాదు, కళ్ళకు.

వాటం లేని కాలి ఆట మరో రోజు పెట్టాం. కుడివాటం పిల్లలు ఎడమకాలితో తన్నితే బంతి చింతచెట్టు ఎక్కింది. కానీ ఏ కాలి వైపు వచ్చిన బంతిని ఆ కాలితోనే అందుకోగలిగితే శరీరం తిప్పే పని లేదు, ఒక క్షణం మిగులుతుంది. పెద్ద ఆటలో ఆ క్షణంలోనే గోల్ పడుతుంది.

రహీం సాబ్ ఆలోచన ప్రపంచానికి దూరంగా లేదు. 1953 నవంబరులో వెంబ్లీలో హంగేరీ ఇంగ్లండును 6-3తో చిత్తుచేసింది. సెంటర్ ఫార్వర్డ్ హిడెక్కుటి వెనక్కి జరిగి ఆడుతుంటే, అతని వెంట పోవాలో తమ చోట నిలవాలో ఇంగ్లండు బ్యాక్‌లకు తెలియలేదు. అదే దశకంలో రహీం సాబ్ కూడా మన దేశ జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించారు.

అయితే ఇంట్లో గెలిచిన ఆ ఆట బయట ఏమైందో కూడా తక్కెడలో పడాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఎదురుగా మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి ముందు గోల్ మనది, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడాం, నాలుగో స్థానంలో నిలిచాం. కాలాలను పోల్చడానికి ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద నాకు దొరకలేదు. ఒకే ప్రత్యర్థి, నాలుగేళ్ళ దూరం, నడుమ ఒక పంతులు పని.

1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చినప్పుడు రహీం సాబ్ క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నాడు. ఆ తంగరాజ్ పేరు వినగానే నాకు ఒక ఆపేక్ష. తమిళ నేల మీద తెలుగు మాట్లాడే మాకు, తెలుగు నేల మీద నుంచి వచ్చిన ఆ తమిళ పేరు సొంత మనిషిలా తోస్తుంది.

తర్వాతి తరం కూడా ఖాళీగా లేదు. హైదరాబాద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 ఆసియా క్రీడల్లో మన దేశానికి కాంస్యం వచ్చింది. 1970 నుంచి ఆరేళ్ళు కలకత్తా లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు ఆ మొదటి ఏళ్ళలో ప్రాణం హైదరాబాద్ హబీబ్. అంటే హైదరాబాద్ ఆట హైదరాబాద్‌లో ఆగకుండా రైలెక్కి కలకత్తా చేరింది. ఊరికి అది నష్టమే. జట్టు విలువకు మాత్రం అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం కూర్చోలేదు. గొప్ప జట్టే అది. కానీ 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. రోవర్స్ కప్ ఐదుసార్లు మోసుకొచ్చిన జట్టుకు ఊరి మైదానాలే వేళ్ళు. నా తక్కెడ అటే మొగ్గుతుంది.

మొన్న చీకటి పడే వేళ అందరూ వెళ్ళిపోయాక మా వాడు ఒక్కడే గోడకు బంతి కొడుతున్నాడు. నన్ను చూసి అడిగాడు. "మామా, ఆ పోలీసోళ్ళలో నూర్ మహమ్మద్ అన్నావే, ఆయన ఏ చోట ఆడేవాడు?"

"లెఫ్ట్ హాఫ్" అన్నాను.

బంతిని ఎడమకాలి కిందికి లాక్కున్నాడు.