కిటికీ వెలుపలి తల్లి: ‘స్టెల్లా డల్లాస్’, ‘మాతృదేవోభవ’ చిత్రాల్లో త్యాగ భావన

మాతృత్యాగం వస్తువుగా గల చలనచిత్రాలను కన్నీటి కథలని పక్కన పెట్టడం విమర్శలో పరిపాటి. ఆ కన్నీటికి కారణాన్ని చిత్రం ఎక్కడ చూపుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కింగ్ విడార్ దర్శకత్వం వహించిన ‘స్టెల్లా డల్లాస్’ (1937)కు ఆలివ్ హిగ్గిన్స్ ప్రౌటీ నవల ఆధారం. శ్రామిక కుటుంబంలో పుట్టిన స్టెల్లా, తన వేషభాషలు కూతురి భవిష్యత్తుకు అడ్డని గ్రహించి, ప్రేమలేని తల్లిగా నటించి ఆమెను సంపన్న గృహానికి పంపుతుంది. చివరకు వానలో, కిటికీ వెలుపల నిలబడి కూతురి పెళ్లి చూస్తుంది. ఇది తల్లిని కేవల ప్రేక్షకురాలిగా మార్చడమేనని ఇ. ఆన్ కాప్లాన్ భావించగా, స్త్రీ ప్రేక్షకులు ఒకేసారి పలు పాత్రల దృష్టితో చూడగలరని లిండా విలియమ్స్ 1984లో వాదించారు.

కె. అజయ్‌కుమార్ ‘మాతృదేవోభవ’ (1993) మలయాళ ‘ఆకాశదూతు’కు పునర్నిర్మాణం. భర్తను కోల్పోయి, క్యాన్సర్‌తో మరణం అంచున ఉన్న శారద (మాధవి) తన పిల్లలను దత్తత ఇస్తుంది. స్టెల్లాను బిడ్డకు దూరం చేసింది వర్గభేదం. శారదను దూరం చేసింది మృత్యువు. వర్గాన్ని నిలదీయవచ్చు, మృత్యువును నిలదీయలేము. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చిన పాటలోని రాలే పువ్వు ప్రతీక కూడా ఆ వేదనను ప్రకృతి ధర్మంగానే నిలుపుతుంది. అయితే వికలాంగుడైన కొడుకును స్వీకరించడానికి ఎవరూ ముందుకు రాని ఘట్టంలో, విధి చాటున దాగిన సమాజం బయటపడుతుంది. దయకూ ఎంపిక ఉన్నదని చిత్రం అక్కడ ఒప్పుకుంటుంది.

నిజామాబాదు జిల్లా ఏర్గట్ల వంటి పసుపు పండే ఊరి నుండి చూస్తే ఈ అంశం మరింత స్పష్టమవుతుంది. పురుషులు గల్ఫ్‌కు వలస వెళ్లే ఆర్మూరు ప్రాంతంలో పసుపు చేను, బీడీల చాట, పిల్లల పెంపకం తరచు ఒక్క స్త్రీ మీదనే పడతాయి. పసుపు తవ్వకంలో, ఏరివేతలో చెమటోడ్చిన ఆ స్త్రీయే భర్త మరణిస్తే ఆచారం పేరిట అదే పసుపుకు దూరమవుతుంది. ఈ వైరుధ్యం ‘త్యాగం’ అన్న మాటలో ఇమడదు. త్యాగమనడానికి ఎంచుకునే అవకాశం ఉండాలి కదా!

‘మాతృదేవోభవ’ అన్న తైత్తిరీయోపనిషద్వాక్యం విద్య ముగించిన శిష్యునికి గురువు చేసిన ఉపదేశం. అది సంతానానికి విధించిన ధర్మం. చిత్రం ఆ భారాన్ని తల్లి వైపుకు మళ్లించింది. ఆ మళ్లింపును గుర్తించకుండా తల్లిని కీర్తించే విమర్శ, ఆమెను కిటికీ వెలుపలే నిలబెడుతుంది.