ఓడటానికైనా మ్యాచ్‌లుండాలి

చిన్న బడి ఫుట్‌బాల్ జట్టు ఎందుకు ఓడుతుందో తెలియాలంటే ముందు చూడాల్సింది హాజరుపట్టీ. ఆరు నుంచి పది దాకా కలిపి 150 మంది ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సగం మంది ఆడపిల్లలైతే, మగపిల్లలు 75 మంది. వాళ్లలో ఎనిమిదో తరగతి, ఆ పైన చదివేవాళ్లు ఓ 45 మంది ఉంటారు. కబడ్డీకి ఏడుగురు, ఖోఖోకి తొమ్మిది మంది, వాలీబాల్‌కి ఆరుగురు కావాలి. ఫుట్‌బాల్‌కి పదకొండు మంది, పైన మార్చుకోవడానికి ముగ్గురో నలుగురో. కాలిలో పరుగున్న పిల్లలు ప్రతి ఆటకీ వాళ్లే. పోటీల రోజు పొద్దున కబడ్డీ కూతకెళ్లి, ఎండెక్కాక ఫుట్‌బాల్ గ్రౌండులో దిగే కుర్రాడు ఏ మండలంలోనైనా కనిపిస్తాడు. పక్క పట్టణంలో వెయ్యి మంది ఉన్న బడి ముప్ఫై మందిని పిలిచి అందులోంచి ఏరుకుంటుంది. చిన్న బడిలో ఏరుకోవడం ఉండదు, వచ్చినవాళ్లే జట్టు. ఏడుగురుంటే మ్యాచ్ మొదలుపెట్టవచ్చని ఆట నిబంధనలు చెబుతాయి కాబట్టి, ఎనిమిది తొమ్మిది మందితోనైనా దిగే జట్లున్నాయి. ఆడపిల్లల జట్టయితే లెక్క ఇంకా బిగుసుకుంటుంది, ఇళ్లలో ఒప్పించే పని అదనం.

సామాను సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు, గీత పక్కన ఒక్క నిమిషం నిలబడి చూస్తే చాలు. అలసి బయటికొచ్చినవాడు నేల మీద కూర్చుని స్టడ్స్ లేసులు విప్పుతుంటాడు. బదులుగా వెళ్లేవాడు ఎదురుగా కాళ్లు చాపి వాటి కోసం కాచుకుని ఉంటాడు. బూటు పెద్దది, పాదం చిన్నది, ముందువైపు గుడ్డపీలిక కుక్కితే గానీ ఆగదు. షిన్ గార్డులు తప్పనిసరి అని నిబంధన ఉంది కదా అని అట్టముక్కలు సాక్సులో దోపుకునేవాళ్లూ ఉంటారు. ఈ తతంగమంతా అయ్యేలోపు జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతుంది. గోలు పడటానికి ఆ మాత్రం సమయం చాలు.

మొదటి పావుగంట ఆట దాదాపు సమానంగానే సాగుతుంది. అనుభవం లేని పిల్లలు బెల్లం ముక్క చుట్టూ చీమల్లా బాల్ చుట్టూ మూగుతారు. అవతలి జట్టూ అలాగే ఆడినంతసేపు ఇబ్బంది లేదు. ఏ పీఈటీ సారో అక్కడ పిల్లలకు రెక్కల వైపు నిలబడటం నేర్పి ఉంటే మాత్రం, ఒక్క పాస్‌తో బాల్ ఖాళీ వైపు వెళ్లిపోతుంది, గోలు ముందు ఎవరూ ఉండరు. మొదటి గోలు పడ్డాక రెండోది తరచుగా వెంటనే పడుతుంది. పోయిన గోలు తిరిగి కొట్టాలన్న ఆత్రంలో బ్యాక్‌లు కూడా ముందుకు పరిగెత్తడమే అందుకు కారణం. ఇక హాఫ్ టైమ్ తర్వాత కాళ్లు బరువెక్కుతాయి. మార్చడానికి మనిషి లేని జట్టు చివరి పది నిమిషాల్లో ఆడదు, నిలబడి చూస్తుంది. పెద్ద స్కోర్లన్నీ దాదాపు అక్కడే పుడతాయి.

గోలీ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. గోలు స్తంభాల మధ్య దూరం 7.32 మీటర్లు, అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లు. ఇవి పెద్దవాళ్ల కొలతలు. ఒకటిన్నర మీటరు ఎత్తున్న పదమూడేళ్ల పిల్లవాడు చేతులు పైకెత్తి నిలబడినా సుమారు రెండు మీటర్ల దగ్గర ఆగిపోతాడు. ఆ పైన మూరెడు ఖాళీ ఉంటుంది. అందులోంచి వెళ్లిన బాల్‌కి అతన్ని తప్పుపట్టడం అన్యాయం. అయినా తిట్లు అతనికే. అసలు అతన్ని అక్కడ నిలబెట్టిన తీరే సరైనది కాదు: పరిగెత్తలేడనో, కొత్తగా చేరాడనో గోలుకి పంపడం బడుల్లో పాత అలవాటు. జట్టులో ధైర్యం ఎక్కువున్నవాడు చేయాల్సిన పని అది. ఎవరి తప్పుతో గోలు పడినా నెట్‌లోంచి బాల్ తీసేది అతనే. నెట్ లేని చోట వెనకాల తుమ్మచెట్ల దాకా పరిగెత్తి తెచ్చేదీ అతనే. ఆరోసారి అలా వెళ్లి వస్తున్న పిల్లవాడి నడక చూస్తే, వచ్చే ఏడు అతను జట్టులో ఉంటాడో లేదో చెప్పవచ్చు.

దీనికి మందు నిబంధనల్లోనే ఉంది. చిన్న పిల్లల ఆటకు గ్రౌండు, గోలు, బాల్ కొలతలూ ఆట సమయమూ తగ్గించుకోవచ్చని, బయటికొచ్చినవాడిని మళ్లీ ఆటలోకి పంపవచ్చని అంతర్జాతీయ ఫుట్‌బాల్ నిబంధనలు స్పష్టంగా ఒప్పుకుంటాయి. ఐదో నంబరు బాల్ బరువు 410 నుంచి 450 గ్రాములు. నాలుగో నంబరుది 350 నుంచి 390 గ్రాములే. బడి బీరువాలో ఉన్నది ఐదో నంబరు కాబట్టి అదే వాడుతున్నారంటే, అది బీరువా సమస్య.

శిక్షణ సంగతికొస్తే, తెలుగు నేల మీద ఫుట్‌బాల్ నేర్పే ఎవరికైనా పాఠం సయ్యద్ అబ్దుల్ రహీం పేరు దగ్గరే మొదలవుతుంది. ఆయన హైదరాబాద్‌లో బడిపంతులు. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సిటీ పోలీస్ జట్టునూ భారత జట్టునూ నడిపిన కోచ్. ఆయన డ్రిబ్లింగ్ కుదరదనే షరతుతో పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే కొట్టాలనే పోటీలూ పెట్టారు. చిన్న బడికి ఇంతకన్నా చవకైన పాఠం లేదు. డ్రిబ్లింగ్ వద్దంటే జట్టులో ఉన్న ఒక్క మెరుపు కుర్రాడు కూడా బాల్ వదలాల్సిందే. అందుకోవడానికి మిగతావాళ్లు ఖాళీ వెతుక్కోవాల్సిందే. కోన్లు, బిబ్‌లు ఏవీ అక్కర్లేదు.

రహీం జట్లు కూడా చిత్తుగా ఓడాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియాతో సెమీఫైనల్ 4-1తో పోయింది గానీ, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అంతకన్నా ముఖ్యమైన ఉదాహరణ 1962 జకార్తా ఆసియా క్రీడలది. మొదటి మ్యాచ్‌లోనే భారత్ దక్షిణ కొరియాకు 2-0తో తలవంచింది. పోటీ గ్రూప్ పద్ధతిలో ఉంది కాబట్టి ఇంకా మ్యాచ్‌లు మిగిలాయి. థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చుకుంది. భారత ఫుట్‌బాల్‌కి ఇప్పటిదాకా అంతకు మించిన విజయం లేదు. అది నాకౌట్ పోటీ అయ్యుంటే జట్టు తొలిరోజు సాయంత్రమే పెట్టెలు సర్దుకునేది.

బడుల పోటీలు చాలా చోట్ల ఇప్పటికీ నాకౌట్ పద్ధతిలోనే జరుగుతున్నాయి. ఎనిమిది జట్లొస్తే నాలుగు జట్లు ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికి. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి సాయంత్రాలు సాధన చేసిన పిల్లల ఏడాది ఆట గంటన్నరలో అయిపోతుంది. అందులోనూ మొదటి గంట బెరుకు తీరడానికే సరిపోతుంది. ఏ తప్పు చేశారో తెలుసుకుని వచ్చే వారం దిద్దుకుందామంటే వచ్చే వారం లేదు. వచ్చే ఏటికి కెప్టెన్ పదో తరగతి దాటి వెళ్లిపోతాడు, మళ్లీ మొదటికి. చిన్న బడికి ఓటముల సీజన్ అనేది కూడా ఒక భాగ్యమే, అసలు సీజనంటూ ఉంటే.

సీజనంటూ ఉన్నప్పుడు దాన్ని చదివే పద్ధతి వేరు. గెలుపు గడిలో సున్నా ఉన్నంత మాత్రాన అన్ని సున్నాలూ ఒకటి కావు. పీఈటీ సారు నోటుపుస్తకంలో స్కోరు పక్కన గోలు పడిన నిమిషం కూడా రాసుకుంటే ఎక్కడ కాలు జారుతోందో తెలుస్తుంది. చివరి పది నిమిషాల్లో పడితే దమ్ము చాలక, కార్నర్ నుంచి పడితే ఎవరిని ఎవరు కాచుకోవాలో తేలక, కిక్ ఆఫ్ వెంటనే పడితే మనసు చెదిరి. ఒక్కోదానికి వైద్యం ఒక్కోటి. 7-0తో ఓడినవాళ్లు తర్వాత 4-0తో, ఆపైన 2-1తో ఓడితే పట్టికలో పాయింట్లు పెరగవు. ఆ ఒక్క గోలు కొట్టిన పిల్లవాడి పేరు మాత్రం ఊళ్లో వారం రోజులు వినిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఓటమి ఏది అంటే, రాకపోవడం. మొదటి మ్యాచ్‌లో ఎనిమిది గోల్స్ తిన్న బడి రెండో మ్యాచ్‌కి జట్టును పంపకుండా వాకోవర్ ఇచ్చేస్తే అక్కడితో ఆ ఊళ్లో ఫుట్‌బాల్ ఆగిపోతుంది. అమెరికా ఆధీనంలోని చిన్న ద్వీప ప్రాంతం అమెరికన్ సమోవా జట్టు 2001 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా చేతిలో 31-0తో ఓడింది. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో అంత ఘోరమైన స్కోరు మరొకటి లేదు. పాస్‌పోర్టు చిక్కుల వల్ల అసలు జట్టులో గోలీ నికీ సలాపు ఒక్కడే మిగిలాడు. అండర్-20 కుర్రాళ్లను పిలుద్దామంటే వాళ్లకు హైస్కూలు పరీక్షలు. చివరికి పదిహేనేళ్ల పిల్లలను కూడా దింపారు. అయినా ఆ జట్టు ఆడటం మానలేదు. 2011 నవంబర్‌లో టోంగాని 2-1తో ఓడించినప్పుడు గోలులో ఉన్నది అదే సలాపు.

చిన్నపిల్లల ఆట లీగ్‌గా సాగాలన్న ఆలోచన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ వచ్చింది. 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ మొదలైంది ఆ ఉద్దేశంతోనే. ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు అటువంటిది అందాలంటే ఢిల్లీ నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు. మండలంలో నాలుగు చిన్న బడులు కలిస్తే ఆరు మ్యాచ్‌లు. శనివారానికి రెండు చొప్పున మూడు వారాల్లో అయిపోతాయి. ప్రతి జట్టుకీ మూడు మ్యాచ్‌లు ఖాయం. నాలుగో నంబరు బాల్ ఒకటి, గీతలకు సున్నం, విజిల్ పట్టుకోవడానికి ఆట తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ఈ ఏడు జోనల్ పోటీలకు ముందే ఆ మూడు శనివారాలు కేటాయించాలని ప్రధానోపాధ్యాయులకూ పీఈటీలకూ మనవి.