రెండు స్ట్రోకుల ఇంజను పాఠము: మరచిన క్రాంకు

గరిడేపల్లి ప్రాంతమున సాగరు ఎడమ కాలువ క్రింది వరిపొలములలో మందు చల్లువారు వీపున మోయు పవర్ స్ప్రేయరులో చిన్న రెండు స్ట్రోకుల ఇంజను ఉండును. దాని అదురు వారి భుజములకు తెలియును. బడిలో చెప్పు ఇంజను పాఠమునకు తెలియదు. పాఠమున సిలిండరు, పిస్టను, రంధ్రములు చక్కగా గీయబడును. క్రాంకు వద్దకు వచ్చుసరికి ఒక వంకర గీత మిగులును. ప్రతి చుట్టునకు ఒక శక్తి స్ట్రోకు ఉన్నది గనుక ఫ్లైవీలు నాలుగు స్ట్రోకుల ఇంజనులో వలె బరువుగా ఉండనక్కరలేదని చెప్పి ముగింతురు.

ఆ వాక్యము తప్పు కాదు. అచటనే ఆగుట తప్పు. బరువు తగ్గిన కొలది బలము పెరుగునని విద్యార్థి అర్థము చేసికొనును. చక్రమును లేతుపై చెక్కించువారి నమ్మికయు ఇదియే.

ఫ్లైవీలు శక్తిని పుట్టించదు. దాచి తిరిగి ఇచ్చును. సమవేగముతో పోవు బండిలో దానిని చెక్కినను ఇంజను సామర్థ్యము పెరుగదు. వేగము పెంచునపుడే తేడా తెలియును. నిమిషమునకు 3000 చుట్ల నుండి 6000 చుట్లకు పోవలెనన్న చక్రమునందలి గతిజశక్తి నాలుగింతలు కావలెను. చక్రము తేలికయైనచో ఇంజను అందుకై వెచ్చించునది తగ్గి, బండి చురుకుగా ఎగయును. అయితే మందగతిలో రెండు పేలుళ్ల నడుమ క్రాంకును నడపు నిల్వయు తగ్గును. ఇంజను తడబడి ఆగిపోవును.

ఇక తూకము. 1985 నుండి 1996 వరకు మన దేశమున తయారైన యమహా ఆర్.ఎక్స్.100 బండిని తీసికొందము. పిస్టను ప్రయాణము 50 మిల్లీమీటర్లు, అనగా క్రాంకు వ్యాసార్థము 25. నిమిషమునకు 7500 చుట్ల వద్ద త్వరణము సెకనుకు సెకనుకు సుమారు 15,400 మీటర్లు. పైకి క్రిందికి కదలు ప్రతి 100 గ్రాములకు 1540 న్యూటన్ల బలము; రమారమి 157 కిలోల బరువు! కనెక్టింగు రాడ్డు వాలుట వలన కలుగు సవరణ ఇందు చేరలేదు.

క్రాంకునకు ఎదురు బరువు పెట్టి దీనిని పూర్తిగా తొలగింపరాదా? నిలువు అదురు పోవును గాని అంత అదురు అడ్డముగా వచ్చును. సగము తూచినచో, మిగిలిన సగము క్రాంకునకు ఎదురు దిశలో తిరుగు బలమై నిలుచును. ఒంటి సిలిండరు ఇంజనులో తూకమనగా అదురును చంపుట కాదు, ఎటు పంపవలెనో చట్రమును బట్టి ఎంచుకొనుట.

రెండు స్ట్రోకుల ఇంజనునకు మరియొక చిక్కు కలదు, గీతబొమ్మ పూర్తిగా దాచునది ఇదే. ఇచట క్రాంకు గదియే పంపు. తాజా మిశ్రమము ముందు అందులోనికి వచ్చి, నొక్కబడి, తరువాత సిలిండరునకు చేరును. తూకము కొరకు క్రాంకు బిళ్లకు రంధ్రము తొలిచినచో గది ఘనపరిమాణము పెరిగి ఆ నొక్కుడు తగ్గును. అందుచేతనే కొన్ని ఇంజనులలో అట్టి రంధ్రములను తేలిక పదార్థముతో పూడ్చుదురు. ఒక్క రంధ్రము జడత్వమును, తూకమును, ఊపిరిని కూడ మార్చినదన్న మాట.

ఈ పాఠమునకు ఖరీదైన పరికరము అక్కరలేదు. పాత మోపెడు క్రాంకు మెకానికు షెడ్డులో తుక్కు ధరకు దొరకవచ్చును. దాని బేరింగు కొనలను సమతలమైన రెండు అంచులపై ఉంచి, రాడ్డు చివర కొంచెము కొంచెముగా బరువు వ్రేలాడదీయవలెను. ఏ కోణమున వదలిన ఆ కోణముననే క్రాంకు నిలిచినపుడు, రాడ్డు చిన్న చివర బరువును ఆ బరువుతో కూడి, పిస్టనుతో కలిపిన మొత్తముతో పోల్చిన, తయారీదారు ఎన్నవ వంతు తూచినాడో విద్యార్థి తానే చెప్పగలడు.