మేత ముట్టని పూట

నెల్లూరు జిల్లా అల్లూరు చుట్టుపక్కల వరికోతలు ముగిశాక, ఎడగారు పంటకు కాలువ నీళ్ళు వచ్చేలోపు, ఖాళీ మళ్ళలోకి గొర్రెల మందలు దిగుతాయి. మెట్ట ఊళ్ళ నుంచి తోలుకొచ్చినవి కొన్ని, ఊళ్ళోవే కొన్ని. పగలంతా మేపు, రాత్రికి రైతు చెప్పిన మడిలో మంద కడతారు. పెంటా మూత్రమూ నేలకు దక్కుతాయి, కాపరికి డబ్బో ధాన్యమో ముడుతుంది. ఈ ఏర్పాటు గురించి అందరికీ తెలుసు. ఆ మంద వెంట నడిచే మనిషి పొద్దున్నుంచి రాత్రిదాకా దేన్ని చూస్తుంటాడో మాత్రం తక్కువ మందికి తెలుసు. ఆయన చూపు గొర్రెల మూతుల మీద, ఎడమ డొక్కల మీద ఉంటుంది. ఏ గొర్రె మేత ముట్టలేదు, ఏది ముట్టినా నమల్లేదు, ఏది నమిలినా నెమరు వేయలేదు అన్నది ఆయన అడక్కుండానే చెబుతాడు. నా దృష్టిలో ఇది తరతరాలుగా వచ్చిన రోగనిర్ధారణ విద్య.

గొర్రె తన జబ్బును దాచుకునే జంతువు. మందలో నీరసంగా కనిపించినదాన్నే వేటజంతువు పట్టుకుంటుంది కనుక, నిలబడగలిగినంత సేపూ అది బాగున్నట్టే నిలబడుతుంది. మూలిగి చెప్పదు. అది పడిపోయేదాకా ఆగితే వైద్యానికి వ్యవధి మిగలదు. దాచుకోలేనిది ఒక్కటే, తిండి. నెమరువేసే జంతువు కడుపు ఎడతెగకుండా పులుస్తూ కదులుతూ ఉండాల్సిందే. ఒంట్లో ఎక్కడ తేడా వచ్చినా ముందు మందగించేది ఆ కదలికే. అందుకే కాపరి జ్వరం చూడకముందే మేత చూస్తాడు.

ఈ చూడటం తెల్లవారకముందే మొదలవుతుంది. మందను లేపినప్పుడు ఆరోగ్యంగా ఉన్న గొర్రె లేచి ఒళ్ళు విరుచుకుంటుంది, పెంటికలు వేస్తుంది. ఒళ్ళు విరవకుండా వీపు గూనిగా పెట్టి నిలబడినదాన్ని కాపరి గుర్తుపెట్టుకుంటాడు. అది పడుకున్న చోట పెంటికలు విడివిడిగా, గట్టిగా ఉన్నాయా, ముద్దగా అంటుకున్నాయా అని కాలితో కదిపి చూస్తాడు. నడకలో మంద వరుస దాదాపు రోజూ ఒకేలా ఉంటుంది. ముందు నడిచేవి ముందే, మధ్యలోవి మధ్యలోనే. నిన్నటిదాకా ముందున్న గొర్రె ఇవాళ వెనక పడిందంటే కారణం వెతకాల్సిందే. ముసలిది వెనక పడితే అంత కంగారు లేదు. దాని చోటే అది. అసలు కిటుకు ఇక్కడుంది. రోగలక్షణాల పట్టిక ఎంత కంఠస్థం చేసినా, ఆ గొర్రె మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియనివాడికి తేడా అందదు.

మధ్యాహ్నం చెట్టు నీడన మంద పడుకున్నాక చూసేది నెమరు. కొత్తవాళ్ళకు అది విశ్రాంతి వేళ, కాపరికి పరీక్ష వేళ. గొర్రె రోజులో ఎనిమిది గంటల దాకా నెమరుకే ఖర్చు పెడుతుంది. ఆవైతే ఒక్కో ముద్దను 40 నుంచి 60 సార్లు నములుతుంది. నాలుగు నమిలి ఆగిపోతున్నా, కళ్ళు మూసుకుని పళ్ళు కొరుకుతున్నా లోపల నొప్పి ఉన్నట్టు. అనుమానం వస్తే పిడికిలి ఎడమ డొక్కలో ఆనించి కాసేపు ఉంచుతారు. పొట్ట బాగుంటే రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు లోపలినుంచి చేతిని తోస్తుంది. తోపు లేకపోతే పొట్ట ఆగినట్టు. తోపు లేకుండా డొక్క డప్పులా మోగితే గాలి పట్టినట్టు.

నెల్లూరు గొర్రె ఈ చదువుకు అనువైన జాతి కూడా. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, దేశంలోని గొర్రెల్లోకెల్లా ఎత్తైన ఒడ్డు. ఒళ్ళంతా తెలుపైతే పల్ల, తెలుపు మీద మూతికీ కళ్ళచుట్టూ నలుపుంటే జోడిపి, ఎరుపు రంగుదైతే డోర. ఉన్ని కాకుండా పొట్టి వెంట్రుకే ఉంటుంది కనుక సాయంత్రం ఇంటిముఖం పట్టినప్పుడు డొక్క నిండిందో లేదో దూరం నుంచే కనిపిస్తుంది. మందపాటి ఉన్ని గొర్రెల్లో ఈ వీలు ఉండదు.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా లోతుగా కనిపించేది వేరొకటి. కాపరి "మేత తినలేదు" అనే మాటతో ఆగడు. ఎలా తినలేదు అని అడుగుతాడు. మేతవైపే రాకుండా తల వేలాడేసి దూరంగా నిలబడితే ఒక దారి: జ్వరం, పొట్ట ఆగడం. ఆశగా వచ్చి, గడ్డి అందుకుని, నమలలేక జారవిడిస్తే పూర్తిగా వేరే దారి: ఆకలుంది, నోరే సహకరించడం లేదు. అప్పుడు చెయ్యి వెళ్ళాల్సింది నోటి దగ్గరికి. "అబ్బయా, ఆ జోడిపి నోట్లో గడ్డి పెట్టుకోని నమలకుండా నిలబడుంది, దాని నోరు తెరిచి చూడు" అని పెద్దాయన కుర్రాడికి చెప్పే మాటలో సగం వైద్యం ఉంది. చొంగ కారుతూ పెదవులు చప్పరిస్తుంటే గాలికుంటు కావచ్చు. మూతి వాచి నాలుక కమిలితే నీలినాలుక. ముక్కు కారి, చిగుళ్ళు పుండ్లు పడి, వెంటనే పారుడు పట్టుకుంటే పీపీఆర్. ఈ చివరిదాన్ని మన దేశంలో మొదటిసారి 1987లో తమిళనాడులో గుర్తించారు. ఇవేవీ లేకపోతే పళ్ళు చూస్తారు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని వయసు లెక్కగట్టే అలవాటు ఎలాగూ ఉంది కనుక, ముసలి గొర్రె పళ్ళు అరిగో ఊడో మేత కొరకలేకపోతోందని ఇట్టే తెలుస్తుంది. బాగా తింటూనే చిక్కిపోతే పురుగులు. మట్టి నాకుతూ ఎముకలు కొరుకుతూ తిరిగితే ఖనిజాల లోపం.

ఆకలి లేకపోవడానికీ తినలేకపోవడానికీ ఉన్న ఈ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ఇప్పుడు పట్నం ఇళ్ళలో కనిపిస్తున్నారు. పిల్లలు ముచ్చటపడి పెంచుకునే గినీ పిగ్ కూడా గొర్రెలాగే వేటకు గురయ్యే జంతువు, గొర్రెలాగే జబ్బు దాచుకుంటుంది. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి తక్కువై అవి అరగకపోతే దవడ పళ్ళు నాలుకకు అడ్డుపడతాయి. అది గిన్నె దగ్గరికి పరుగున వస్తుంది, ముక్క అందుకుంటుంది, వదిలేస్తుంది. ఇంట్లోవాళ్ళు "ఆకలి లేదు" అనుకుని తిండి రకం మారుస్తారు. మార్చాల్సింది తిండి కాదు, చూపించాల్సింది పళ్ళు. మనిషిలాగే అది కూడా ఒంట్లో సి విటమిన్ తయారు చేసుకోలేదు. కాప్సికం, జామ లాంటివి అందకపోతే కీళ్ళు నొప్పి పుట్టి కదలడం మానేస్తుంది, దాన్ని బద్ధకం అనుకుంటారు. గినీ పిగ్ అరపూట ఏమీ తినకపోయినా పేగులు ఆగిపోయే ప్రమాదం ఉంది. పచ్చగడ్డి సంచి చప్పుడు వినగానే అరిచే జంతువు ఇవాళ అరవలేదంటే రేపటిదాకా ఆగకూడదు. వారానికోసారి తూకం వేసి రాసుకుంటే, కాపరి కంటికున్న పదును ఆ కాగితంలోనైనా కొంత దొరుకుతుంది.

వరి నేల కనుక అల్లూరు ప్రాంతపు కాపరి మరో రెండు ప్రమాదాలను కనిపెట్టి ఉండాలి. ఒకటి వడ్లు. కళ్ళంలో పడి కడుపునిండా గింజ తిన్న గొర్రెకు, పెళ్ళిలో మిగిలిన అన్నం కుమ్మరించిన ఆవుకు అదే గతి: పొట్టలో ఆ పిండిపదార్థం పులిసి ఆమ్లమవుతుంది, నెమరు ఆగుతుంది, తూలుతుంది, పల్చగా పారుతుంది. ప్రేమతో పెట్టిన అన్నమే చంపుతుందని ఊళ్ళో ఇంకా చాలామంది నమ్మరు. మొదట్లోనే కనిపెడితే వంటసోడా నీళ్ళు పట్టి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళే వ్యవధి ఉంటుంది. రెండోది తడి మళ్ళ నత్తలు. వాటి ద్వారా కార్జపు జలగలు గొర్రెకు చేరతాయి. అది తింటూనే ఉంటుంది, రక్తం మాత్రం తగ్గిపోతుంది, చివరికి దవడ కింద నీరు దిగుతుంది. అందుకే కాపరి అప్పుడప్పుడూ కింది కనురెప్ప లాగి ఎరుపు చూస్తాడు. రక్తం పీల్చే పొట్టపురుగుల కోసం దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు 1990లలో సరిగ్గా దీన్నే ఒక పద్ధతిగా మలిచారు. ఫమాచా అనే ఆ అట్ట మీద ఎరుపు నుంచి తెలుపు దాకా అయిదు రంగులుంటాయి. కనురెప్పను దానితో పోల్చి, పాలిపోయినవాటికే మందు వేస్తారు. మందంతటికీ వేయకపోవడం వల్ల పురుగులు మందుకు అంత త్వరగా అలవాటు పడవు. నెదర్లాండ్స్‌లో పాడి ఆవుల ఎడమ డొక్కకు 1 నుంచి 5 దాకా మార్కులు వేసే పద్ధతీ ఉంది. నెమరు నిమిషాలు లెక్కపెట్టి ఫోనుకు కబురు పంపే మెడపట్టీలు పెద్ద డెయిరీల్లో వాడుతున్నారు. కాపరి చూసే చోట్లనే ఈ పరికరాలూ చూస్తున్నాయి.

అయితే కంటి చూపుకు అందనిది ఒకటుంది. తొలకరి పచ్చిక మీద పడిన బలమైన పిల్ల, సాయంత్రం దాకా మందలో అందరికన్నా ఎక్కువ మేసిన పిల్ల, తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. చిటుకు రోగం అది. పేగుల్లోని సూక్ష్మజీవి విషం గంటల్లో పని ముగిస్తుంది. అక్కడ మేత తగ్గడమనే హెచ్చరికే ఉండదు. దానికి వానలకు ముందు వేయించే టీకా ఒక్కటే దిక్కు. పీపీఆర్‌కూ అంతే. మా తాతల నాడు ఇవి లేవని టీకా మానుకునేవాళ్ళతో నేను ఏకీభవించలేను. ఆ తాతలే ఉంటే ముందు వరుసలో నిలబడి వేయించుకునేవారు, ఎందుకంటే మంద పోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

అల్లూరు తీరంలో చేపల, రొయ్యల గుంటలు పెరిగి మేత బీళ్ళు తగ్గాయి, కాపరుల పిల్లలు వేరే పనులకు వెళుతున్నారు. వెళ్ళనివ్వాలి. మిగిలిన పెద్దవాళ్ళు చూసేదాన్ని రాసిపెట్టడం మాత్రం మన చేతిలో ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విద్యార్థులు కోతల కాలంలో కొన్ని రోజులు మందల వెంట నడిస్తే, నెమరు వేళ కాపరి పక్కన కూర్చుంటే, పుస్తకంలో లేని మామూలు రోజు వాళ్ళకు తెలుస్తుంది. కాపరి వైపు నుంచీ ఒకటి జరగాలి. పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసినప్పుడు "గొర్రెకు బాలేదు" అని ఊరుకోకుండా, ఎప్పటినుంచి మేత మానింది, మేతవైపు వస్తోందా రావడం లేదా, నెమరు ఉందా, పెంటిక ఎలా ఉంది, ఏ మడిలో మేసింది అన్నీ వరుసగా చెప్పాలి. ఆయనకు అవన్నీ తెలుసు. అడిగేవాళ్ళు లేక చెప్పడు. ఫోనెత్తిన వైద్యుడు మొదట అడగాల్సింది ఆ ప్రశ్నలే.